ముద్ర బొమ్మలకు రంగు, నీడ వేయడం ఎలా?

 ఈ నెల గోడపత్రికలో నాకు ఈ మూల ఇచ్చారు. కథ రాయమన్నారు గాని నాకు కథలు రావు. నాకు వచ్చింది ముద్ర వేసిన బొమ్మలకు రంగు నింపి నీడ వెయ్యడం. అది కూడా ముందు పాడుచేసి, తరవాత నేర్చుకున్నాను. పాడుచేసిన సంగతి మీ అందరికీ తెలుసు. పోయిన సంచికలో 'అమ్మల చెట్టు' మీద మూడు ఆకులు ఊదా మరకలైపోయినవి నా చేతి పనే. అప్పుడు కింద నా పేరు రాయలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

కొత్తగా చేరిన ఐదో తరగతి చెల్లెళ్లకి ఆ చెట్టు తెలీదు కాబట్టి కొంచెం చెప్తాను. తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ఆదివారం నాడు మన అమ్మలు, అమ్మమ్మలు ఆఫీసు రూములో రిజిస్టరులో వేలిముద్ర వేస్తారు గదా. సంతకం వచ్చినవాళ్లు తక్కువ. మాలో కొందరికి అది సిగ్గుగా ఉండేది. మా అమ్మ స్టాంపు ప్యాడు మీద వేలు పెడుతుంటే నేను తలుపు పక్కకి వెళ్లి నిలబడేదాన్ని. అప్పుడు మా డ్రాయింగ్ మేడం ఒక మాట అన్నారు, ఆ వేళ్లన్నీ ఒక చార్టు మీద వేయిస్తే చెట్టుకి ఆకులవుతాయి అని. ఆ ఆదివారం 23 ముద్రలు వచ్చేయి. మాను, కొమ్మలు నేను గీశాను. ఆకులకి రంగు వేసే పని కూడా నాకే ఇచ్చారు.

మా అమ్మ వేలి మీద గీతలు సరిగా లేవు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, మళ్లీ రాయి మీద రుద్ది అరిగిపోయాయి. రేషను ఇచ్చే దగ్గర మిషను మీద మూడు నాలుగుసార్లు వేలు పెట్టాలి, ఒక్కోసారి పడదు. కానీ చార్టు మీద ఇంకుతో మాత్రం పడింది, మధ్యలో చిన్న సుడి కూడా కనిపించింది. అది చూసి అమ్మ నవ్వింది. వేలిముద్ర సంగతి సోషల్ సార్ ఇంకోటి చెప్పారు. 1858లో బెంగాల్‌లో జంగీపూర్ దగ్గర విలియం హెర్షెల్ అనే తెల్లదొర, కాంట్రాక్టు కాగితం మీద కాంట్రాక్టరు అరచెయ్యి మొత్తం ఇంకులో ముంచి ముద్ర వేయించుకున్నాడట. తరవాత 1897లో కలకత్తాలో వేలిముద్రలు దాచి వెతికే ఆఫీసు పెట్టారు, ప్రపంచంలో అదే మొదటిదట. చదువురాని వాళ్లకే వేలిముద్ర అనుకున్నాను గాని, చదువుకున్న వాళ్ల ఆఫీసుల్లో కూడా ఇప్పుడు పొద్దున్న రాగానే వేలే పెడుతున్నారు.

సరే, విషయానికి వస్తాను.

బ్లెండర్ పెన్ను అంటే ఏమిటి? చూడటానికి స్కెచ్ పెన్నులాగే ఉంటుంది గాని దాంట్లో రంగు ఉండదు. గీస్తే కాగితం తడి అవుతుంది, అంతే. రంగుని కరిగించే ద్రవం ఒక్కటే దాంట్లో ఉంటుంది. మనం వేసిన రంగు మీద దీన్ని నడిపితే ఆ రంగు కరిగి పక్కకి జరుగుతుంది, పలచబడుతుంది. గట్టి రంగు ఒక పక్క, లేత రంగు ఒక పక్క, మధ్యలో గీత కనపడకుండా కలిసిపోతుంది. ఆ కలిసిపోవటం వల్లనే బల్లపరుపు బొమ్మ గుండ్రంగా కనిపిస్తుంది. ఇది మంత్రం కాదు. మంచినీళ్లలో పంచదార కరిగినట్టు కరగటమే.

అయితే బ్లెండర్ పెన్నులు రెండు రకాలు. ఒకటి నీళ్ల రకం. స్కెచ్ పెన్నుల రంగు దీనికి కరుగుతుంది. రెండోది స్పిరిట్ రకం. మూత తీస్తే ఇంజక్షనుకి ముందు సిస్టర్ దూదితో రాస్తారే, అదే వాసన వస్తుంది. అట్టపెట్టెల మీద రాసే మార్కర్ల రంగు దీనికి కరుగుతుంది. మన దగ్గరున్నది ఈ రెండో రకం. డ్రాయింగ్ మేడం తెచ్చిన 12 మార్కర్ల పెట్టెలో ఒకే ఒక్కటి ఉంది. మొత్తం హాస్టలుకి ఒక్కటే పెన్ను, కాబట్టి మూత గట్టిగా పెట్టండి. 'టక్' మని వినపడాలి. స్పిరిట్ గాలికి తొందరగా ఆరిపోతుంది. మూత పెట్టలేదని ఎనిమిదో తరగతి వాళ్లు మమ్మల్ని, మేము వాళ్లని ఎంత తిట్టుకున్నామో వార్డెన్ మేడం గారికి తెలుసు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. అమ్మలు వేసిన ముద్రలు ఆఫీసు స్టాంపు ప్యాడుతో వేసినవి, ఊదా రంగువి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక, ఆకుపచ్చ మార్కరుతో మొదటి ముద్ర మీద రంగు వేసి, బ్లెండర్ పెన్నుతో రుద్దాను. ఊదా రంగు కదిలింది. ఆకుపచ్చలో కలిసి, ముందు బురదరంగు అయ్యింది, తరవాత అంచు దాటి బయటికి పాకింది. ఆరితే సర్దుకుంటాదిలే అనుకున్నాను. లైటు కూడా సరిగా లేదు. రెండోది వేశాను, మూడోది వేశాను. పొద్దున్న చూస్తే మూడింటిలో ఒక్క గీత లేదు. మరకలు. మొదటిది మా అమ్మదే. రెండోది పదో తరగతి అక్క వాళ్ల అమ్మది. మూడోది నా పక్క మంచం అమ్మాయి వాళ్ల అమ్మమ్మది.

ఆ అమ్మాయి పేరు రాయొద్దంది, రాయను. దానికి అమ్మ లేదు. అమ్మమ్మే పెంచింది. ఆ ముసలమ్మ వాళ్ల ఊరి నుంచి రోడ్డు వరకు కాలినడకన దిగి, జీపు ఎక్కి, ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది. పత్రిక చూసి అది "ఏటే ఇది? మా అమ్మమ్మ ఏలు ఏదే?" అంది. నేను ఏమీ అనలేకపోయాను. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. అన్నాల దగ్గర కూడా వేరే లైనులో నిలబడేది.

అందుకని ఎందుకు అలా అయ్యిందో తెలుసుకుందామని కూర్చున్నాను. నా బొటనవేలే ముద్రకి వాడేను. పాత రఫ్ నోటు అట్ట మీద వరసగా నా వేలిముద్రలు వేసి, ఒక్కో వరసకి ఒక్కో ఇంకు. బాగా ఆరిన తరవాత ఒక్కో ముద్రలో సగం మీద స్పిరిట్ పెన్ను, సగం మీద తడి బ్రష్షు నడిపి చూశాను.

స్టాంపు ప్యాడు ఇంకు రెండింటికీ కరిగింది. రాత్రంతా ఆరినా సరే. సైన్సు మేడంని అడిగితే, ఆ ఊదా రంగు నీళ్లలోనూ కరుగుతుంది, స్పిరిట్‌లోనూ కరుగుతుంది, ఎండితే కరగడం మానదు, ఎండిన ఉప్పు మళ్లీ నీళ్లలో వేస్తే కరగదా అన్నారు. నల్ల స్కెచ్ పెన్ను వేలికి పూసి అద్దితే, నీళ్లకి బాగా పాకింది. పాకినప్పుడు నలుపు నలుపుగా లేదు, అంచుల్లో నీలం, గులాబీ రంగులు విడిపోయాయి. స్కెచ్ పెన్ను నలుపులో రెండు మూడు రంగులు కలిపి ఉంటాయి, నీళ్లతో ఒక్కోటి ఒక్కో దూరం పోతుంది. కావాలంటే సుద్దముక్కకి కింద నుంచి కొంచెం పైన నల్ల చుక్క పెట్టి, చుక్క మునగకుండా పళ్లెంలో నీళ్లలో నిలబెట్టి చూడండి, రంగులు మెట్లుమెట్లుగా ఎక్కుతాయి.

కాటుకతో వేస్తే ముద్ర చాలా అందంగా పడింది గాని అది ఎప్పటికీ ఆరదు, జిడ్డు. చెయ్యి తగిలితే పోతుంది. పోస్టర్ కలర్ నలుపు స్పిరిట్‌కి కదల్లేదు, నీళ్లకి కదిలింది. అన్నిటికంటే బాగా వచ్చింది మసి. వంట పెద్దమ్మని అడిగి కట్టెల పొయ్యి మీది గిన్నె అడుగు మసి గీకి, మెత్తగా నూరి, తుమ్మజిగురు నీళ్లలో కలిపేను. మసి అంటే బొగ్గే, అది నీళ్లలోనూ కరగదు, స్పిరిట్‌లోనూ కరగదు. దాన్ని కాగితానికి పట్టి ఉంచే జిగురు నీళ్లలో కరుగుతుంది గాని స్పిరిట్‌లో కరగదు. అందుకని స్పిరిట్ పెన్ను ఎంత నడిపినా వేలి గీతలు అలాగే ఉన్నాయి. కానీ తడి బ్రష్షు పెడితే పోతాయి. జిగురు ఎక్కువైతే ముద్ర అంటుకుంటుంది, తక్కువైతే ఆరాక పొడి రాలుతుంది. నాకు నాలుగోసారికి కుదిరింది.

ఇదంతా చూసాక నాకు అర్థమైంది ఏమిటంటే, ముద్ర ఇంకు దేనిలో కరుగుతుందో ఆ ద్రవం ఉన్న పెన్ను దాని మీద పెట్టకూడదు. ముద్ర ఒక రకం, పెన్ను ఇంకో రకం ఉండాలి. మనకి తెలిసిన సరుకుల్లోనే ఇది ఉంది. పసుపు నీళ్లలో వేస్తే అడుక్కి దిగిపోతుంది, నీళ్లు మసకగా ఉంటాయి, సరిగా కరగదు. అదే సిస్టర్ దగ్గర కొంచెం స్పిరిట్ అడిగి దాంట్లో వేస్తే, పైన తేటగా పచ్చటి రంగు దిగుతుంది. జాఫ్రా గింజల ఎరుపు నీళ్ల కంటే నూనెలో బాగా దిగుతుంది. జాఫ్రా కాయలు ఒలిచిన వేళ్లు నీళ్లతో కడిగితే పోదు, కొబ్బరినూనె రాసి తుడిస్తే పోతుంది, మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఇది పాఠం అని నాకు తెలీదు.

డ్రాయింగ్ మేడం ఇంకో సంగతి చెప్పారు. కృష్ణా జిల్లాలో మచిలీపట్నం, పెడన దగ్గర కలంకారీ బట్టలు చేస్తారు. టేకు చెక్క మీద పువ్వులు, ఆకులు చెక్కి, ఆ అచ్చుని రంగులో అద్ది బట్ట మీద వరసగా వేసుకుంటూ పోతారు. ఒక బొమ్మకి ఒక అచ్చు చాలదు, గీతకి ఒకటి, లోపల రంగుకి ఒకటి వేరువేరుగా ఉంటాయి. నలుపు రంగుకి పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో చాలా రోజులు నానబెడతారు. రంగు వేసే ముందు బట్టని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండలో ఆరబెడతారు. పాలెందుకు అంటే, దాంట్లోని కొవ్వు వల్ల రంగు బట్ట మీద పాకకుండా గీత దగ్గరే ఆగుతుంది. నేను చేసిన తప్పు రాకుండా వాళ్లు ముందే పాలలో ముంచుతున్నారన్నమాట! శ్రీకాళహస్తిలో అచ్చులు లేకుండా వెదురుపుల్లకి ఉన్ని చుట్టిన కలంతో చేత్తో గీస్తారట. కరక్కాయలు మనం అడవిలో ఏరి, ఎండబెట్టి, జీసీసీ వాళ్లకో సంతలోనో అమ్ముతాం. దగ్గుకి నోట్లో పెట్టుకునే కరక్కాయ అలాంటి చీరలకి పనికొస్తుందని మా అమ్మకి చెప్తే, "అంత ఖరీదు చీరకా?" అని రెండుసార్లు అడిగింది.

ఇక ముద్రలు ఎలా చెయ్యాలో చిన్నగా చెప్తాను, ఇది చాలామందికి వచ్చు. ముదురు బెండకాయ అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు. ఉల్లిపాయ అడ్డంగా కోస్తే గుండ్రాలు. బంగాళాదుంప సగానికి కోసి, బొమ్మ గీసి, చుట్టూ ఉన్నది చెక్కెయ్యాలి. దుంపకి నీరు ఊరుతుంది, గుడ్డతో బాగా అద్ది అప్పుడు రంగు పుయ్యండి, లేకపోతే ముద్ర మధ్యలో తెల్లగా వస్తుంది. రబ్బరు మీద బ్లేడుతో చెక్కితే చాలా రోజులు ఉంటుంది, కానీ బ్లేడు పెద్ద తరగతుల వాళ్లే పట్టుకోవాలి, అది వార్డెన్ మేడం గారి మాట. అక్షరాలు చెక్కేటప్పుడు తిరగేసి చెక్కండి. ఏడో తరగతి చెల్లెలు ఒకతి 'అమ్మ' అని రబ్బరు మీద గంటసేపు చెక్కి, అద్ది చూస్తే అది అద్దంలోది లాగ పడింది. పలచని కాగితం మీద రాసుకుని, వెనక్కి తిప్పి, ఆ కనపడినట్టు దిద్దుకోవాలి.

నీడ వెయ్యటానికి ముందు ఒకటి ఆలోచించుకోవాలి, వెలుగు ఎటు నుంచి వస్తోంది అని. ప్రేయర్‌కి నిలబడినప్పుడు ఎండ మన ఎడమ పక్క నుంచి వస్తుంది, జెండా కర్ర నీడ కుడి పక్కకి పడుతుంది. బొమ్మలో కూడా అంతే. వెలుగు ఎడమ పైనుంచి అనుకుంటే, ప్రతి ఆకుకీ, ప్రతి పువ్వుకీ కుడి కింది అంచున నీడ. ఒక ఆకుకి ఇటు, ఒక ఆకుకి అటు వేస్తే చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉంటుంది గాని ఏమిటో తెలీదు. నేను పెన్సిల్‌తో చార్టు మూల చిన్న సూర్యుణ్ణి గీసుకుంటాను, అయ్యాక చెరిపేస్తాను.

తరవాత రంగు. ముందు లేత రంగు బొమ్మంతా వేయాలి, వెలుగు పడే చోట కొంచెం తెల్లగా వదిలేయాలి. నీడ అంచున ముదురు రంగు సన్నగా వెయ్యాలి. అది ఆరకముందే బ్లెండర్ పెన్నుని ముదురు, లేత కలిసే చోట పెట్టి, చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ లేత వైపుకి లాగాలి. ఎక్కువసేపు ఒకే చోట నిలపకూడదు, తడి ఎక్కువై అంచు దాటుతుంది. ముదురు రంగు అంటే నలుపు కాదు. ఆకుపచ్చకి ముదురు ఆకుపచ్చ, పసుపుకి నారింజ, గులాబీకి ఎరుపు. నలుపు పెడితే నీడ కాదు, మసి అంటినట్టు ఉంటుంది.

ముదురు రంగు పెన్ను లేకపోతే ఒక చిట్కా ఉంది. బ్లెండర్ పెన్ను మొనని ఎర్ర మార్కరు మొనకి రెండు సెకన్లు ఆనించండి. ఎరుపు కొంచెం దాని మొనకి ఎక్కుతుంది. ఇప్పుడు గీస్తే మొదట ఎరుపుగా వచ్చి, పోను పోను గులాబీ అయ్యి, చివరికి ఏమీ లేకుండా పోతుంది. పూరేకులకి ఇది చాలా బాగుంటుంది, మొదలు ముదురుగా, చివర లేతగా. ఇంకోటి, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్టు కవరు మీద మార్కరుతో కొంచెం రంగు గీకి, అక్కడి నుంచి బ్లెండర్ మొనతో ఎత్తుకుని వెయ్యొచ్చు. చాలా లేత రంగు కావాలంటే ఇదే మంచిది. ఏది చేసినా అయ్యాక మొనని రఫ్ కాగితం మీద రంగు రానంతవరకు గీకండి. ఎవరో నీలం మొనతోనే మూత పెట్టేసేరు, తరవాత నేను వేసిన మందారం ఊదా అయ్యింది. ఎవరో నాకు తెలుసు గాని రాయను.

రంగు అంచు దాటితే కంగారుపడి గుడ్డతో తుడవకండి. మార్కరు రంగు అయితే, బయట నుంచి లోపలికి బ్లెండర్ పెన్నుతో నెట్టండి, కొంచెం వెనక్కి వెళ్తుంది. పూర్తిగా పోదు. పోకపోతే దాన్నే ఇంకో చిన్న ఆకు చేసెయ్యండి, నేను రెండుసార్లు అలాగే చేసేను.

కాగితం గురించి. నోటు పుస్తకం కాగితం పనికిరాదు. స్పిరిట్ మార్కరు దాన్ని దాటి కింది పేజీకి పోతుంది, దాని కింది దానికి కూడా. మందపాటి డ్రాయింగు షీటు అయినా కింద పాత పేపరు పెట్టుకోండి. నీళ్లతో చేసేవాళ్లు ఒకే చోట బ్రష్షు రుద్దకండి, కాగితం పైపొర ఉండలు ఉండలుగా లేస్తుంది.

"మాకు ఆ పెన్ను ఎవరిస్తారు?" అని చెల్లెళ్లు అడుగుతారని తెలుసు. అక్కర్లేదు. రంగు అయిపోయిన స్కెచ్ పెన్ను పారెయ్యకండి. వెనక బిరడా పీకి, లోపలి దూది గొట్టం బయటకు తీసి, ధారకింద రంగు పోయేవరకు పిండి పిండి కడగండి. మొన కూడా కడగండి. మంచినీళ్లు పీల్పించి మళ్లీ పెట్టెయ్యండి. నీళ్ల రకం బ్లెండర్ పెన్ను తయారు! స్కెచ్ పెన్నులతో వేసిన రంగుకి ఇది సరిపోతుంది. కలర్ పెన్సిళ్లతో వేసినవాళ్లు చెవిపుల్లకి ఒక్క చుక్క కొబ్బరినూనె అద్ది, దాన్ని చెయ్యి మీద తుడిచి, మిగిలిన ఆ జిడ్డుతో రుద్దండి. పెన్సిలు రంగులో మైనం ఉంటుంది, నూనెకి మెత్తబడి గీతలు కలిసిపోతాయి. నూనె ఎక్కువైతే కాగితం బజ్జీల పొట్లం అయిపోతుంది. మార్కర్లకి మాత్రం స్పిరిట్ కావాలి. అది సిస్టర్ దగ్గర ఉండగానే వాడాలి, గదిలోకి తెచ్చుకోకూడదు. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి దగ్గర అసలు పెట్టకండి, ఇట్టే అంటుకుంటుంది.

వార్డెన్ మేడం గారు నా అట్ట మీది ముద్రల వరసలు చూసి, "ఇన్ని చేసేవు గాని, అసలు కాగితం ఎందుకు ముట్టుకున్నావు? జిరాక్సు తీసి దాని మీద వేసుకుంటే సరిపోను గదా" అన్నారు. నిజమే. జిరాక్సు నలుపు బొగ్గుపొడి, ప్లాస్టిక్కు కలిపి వేడితో కాగితానికి అంటించేది, నీళ్లకి కదలదు. స్పిరిట్ పెన్నుతో అయితే ముందు ఒక మూల చూసుకోండి. ఆ ఆలోచన నాకెందుకు రాలేదో! రెండోసారి చేసుకోలేని దాని మీద మొదటి గీత పెట్టాను.

మిగిలిన 20 ఆకులు ఏం చెయ్యాలి అన్నది ఇంకో సమస్య అయ్యింది. అవి కూడా స్టాంపు ప్యాడువే, రంగు వేస్తే అన్నీ పోతాయి. మూడు రోజులు ఆలోచించాను. చివరికి ముద్రని ముట్టుకోకుండా, దాని కుడి కింది అంచుకి ఒక గోరు మందం దూరంలో లేత బూడిద రంగు వంకరగీత వేసి, ఆ గీత బయటి అంచుని మాత్రం బ్లెండర్‌తో బయటికి లాగేను. తడి ముద్ర వైపుకి రాకుండా మధ్యలో పాత పోస్టుకార్డు ముక్క కత్తిరించి అడ్డం పెట్టుకున్నాను. నీడ ముద్ర లోపల లేదు, పక్కన ఉంది. అయినా ఆకు కాగితం మీద నుంచి లేచినట్టు కనిపించింది. వేలి గీతలన్నీ అలాగే ఉన్నాయి. కొత్తగా ముద్రలు వేయించేవాళ్లకి ఇంకా సులువు: ముందు ఆకు ఆకారంలో రంగు, నీడ వేసి, పూర్తిగా ఆరనిచ్చి, చివర్లో దాని మీద వేలిముద్ర వేయించండి. ముద్ర ఆఖర్న పడితే దాన్ని ఎవరూ రుద్దరు.

మా అమ్మ తరవాతి ఆదివారం వచ్చి మళ్లీ వేలు వేసింది. పదో తరగతి అక్క వాళ్ల అమ్మ కూడా వేసింది. మూడోది మిగిలిపోయింది. దసరా సెలవులకి ఇళ్లకి వెళ్లే ముందు రోజు, నేను పక్క మంచం దగ్గరికి వెళ్లి, ఒక మాత్రల సీసాలో మసి ఇంకు, మందపాటి కాగితం ముక్కలు నాలుగు, చిన్న దూది గుడ్డ దాని ట్రంకు పెట్టె మీద పెట్టాను. "సీసా బాగా ఊపి, గుడ్డకి అద్ది, వేలికి పలచగా పుయ్యి. గట్టిగా నొక్కొద్దు, దొర్లించాలి. ఆరేదాకా మడత పెట్టకు" అని చెప్పేను. అది సీసా తీసుకుంది గాని నా వైపు చూడలేదు.

సెలవులయ్యాక వచ్చి, నోటు పుస్తకంలో రెండు అట్టల మధ్య పెట్టి తెచ్చిన ముద్రలు చూపించింది. నాలుగింటిలో ఒకటి వానకి తడిసి పోయింది. ఒకటి వాళ్ల తమ్ముడు తనది వేసేసుకున్నాడు. రెండు బాగున్నాయి. ఒకటి తన పెట్టెలో పెట్టుకుంది. ఒకటి నా చేతికిచ్చి, "రంగు వెయ్యకే. నీడ ఒక్కటే వెయ్యి" అంది.

వేసేను. చెట్టుకి కుడి పక్క కింది కొమ్మ మీద చూడండి, నల్లగా ఉన్న ఆకు అదొక్కటే. నిన్న రాత్రే అంటించాను, చేత్తో ముట్టుకోకండి, జిగురు ఇంకా ఆరలేదు.

— 9వ తరగతి విద్యార్థిని